సేవా నాణ్యతయే వృత్తి సంస్థల మూలధనము

1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తియైన పిదప, ఎడమ కాలువ నీటిని నమ్ముకొని కృష్ణా, గోదావరి ప్రాంతముల నుండి తెలుగు కుటుంబములు రాయచూరు సీమకు తరలివచ్చి, క్యాంపులు కట్టుకొని, బీడు భూములను వరిమళ్లుగా మార్చిన చరిత్ర పోతనాళ పరిసరములలో అందరికిని తెలిసినదే. మొదటి తరమువారు నాగలి పట్టిరి. తరువాతి తరమువారు రైసుమిల్లు, ఎరువుల దుకాణము, ట్రాక్టరు నడపిరి. వారి మనుమలు, మనుమరాండ్రు నేడు డాక్టర్లు, వకీళ్లు, ఆడిటర్లు, ఇంజనీర్లు అగుచున్నారు. ధాన్యమును అమ్ముట వేరు, విద్యను సేవగా అమ్ముట వేరు. ఈ రెండవ దానిలో ఒక సంస్థ మరియొక దానికంటె ఎట్లు ముందునకు పోవును, ఆ ముందంజను ఎట్లు నిలుపుకొనును అను విషయమును విచారించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

కంటికి కనబడని సరకు

ధాన్యము కొనుటకు వచ్చిన వ్యాపారి బస్తాలో నుండి గుప్పెడు గింజలు తీసి, అరచేతిలో నలిపి, పంట కింద కొరికి చూచి ధర చెప్పును. అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక్క మెతుకు చాలునని మన పెద్దలు చెప్పినది ఇట్టి సరకులకు సరిపోవును. కాని వకీలు ఇచ్చిన సలహాను ఏ గుప్పెట పట్టి చూడగలము? శస్త్రచికిత్సను ముందుగా ఎట్లు రుచి చూడగలము?

ఫిలిప్ నెల్సన్ అను అర్థశాస్త్రజ్ఞుడు 1970లో వస్తువులను రెండు విధములుగా విభజించెను. కొనుటకు ముందే పరీక్షించి తెలిసికొనదగినవి కొన్ని. వాడిన పిమ్మట మాత్రమే గుణము తెలియునవి మరికొన్ని. 1973లో డార్బీ, కార్నీ అను ఇరువురు దీనికి మూడవ తరగతిని చేర్చిరి. వాడిన తరువాత కూడ గుణము నిర్ణయింపలేనివి ఈ తరగతిలోనివి. జ్వరము తగ్గిన రోగి, అది మందువలన తగ్గినదో, దానంతట అదియే తగ్గినదో ఎరుగడు. వ్యాజ్యము ఓడిన రైతు, తన పక్షమున బలము లేక ఓడెనో, వకీలు అశ్రద్ధవలన ఓడెనో చెప్పలేడు. ఇచ్చట కొనువాడు తనకు తెలియని దానిని, తెలిసినవాని మీది నమ్మకముతో కొనుచున్నాడు. వృత్తిసేవలన్నిటికిని మూలమైన చిక్కు ఇదియే. ఈ చిక్కును ఏ సంస్థ నిజాయితీతో తీర్చగలదో ఆ సంస్థకే పోటీలో ఆధిక్యము లభించును.

మన దేశములో దీనికి ఇంకొక కారణము కూడ కలదు. సబ్బులమ్మువారు గోడలనిండ ప్రకటనలు వ్రాయించుకొనవచ్చును. న్యాయవాదులు అట్లు చేయుటను బార్ కౌన్సిల్ నిబంధనలు నిషేధించుచున్నవి. వైద్యులు ప్రకటనల ద్వారా రోగులను ఆకర్షింపరాదని 2002 నాటి వైద్యవృత్తి నియమావళి చెప్పుచున్నది. ఆడిటర్లకును ఇట్టి కట్టుబాట్లు కలవు. కావున ఒకరి నోటి నుండి మరియొకరి చెవికి పోవు మంచి మాటయే వీరికి నిజమైన ప్రకటన. ఆ మాట పుట్టునది సేవలో నుండియే.

నాణ్యత యొక్క రెండు ముఖములు

ఫిన్లండు దేశస్థుడగు క్రిస్టియన్ గ్రోన్‌రూస్ 1984లో సేవా నాణ్యతకు రెండు ముఖములు కలవని వివరించెను. ఏమి లభించినది అనునది ఒకటి. ఎట్లు లభించినది అనునది రెండవది. పన్ను లెక్క సరిగా వ్రాయుట మొదటిది. ఆ లెక్కను రైతుకు అర్థమగునట్లు చెప్పుట, గడువుకు ముందే జ్ఞాపకము చేయుట, వచ్చినవానిని కూర్చుండబెట్టి మాటలాడుట రెండవది. మొదటి దానిని కొలుచు శక్తి సామాన్యునికి తక్కువ కనుక అతడు రెండవ దానిని చూచి మొదటి దానిని ఊహించును. శుభ్రమైన గది, చెప్పిన వేళకు జరిగిన పని, విసుగులేని జవాబు అతనికి సాక్ష్యములు.

తరువాత పరశురామన్, జైథామల్, బెర్రీ అను మువ్వురు పండితులు అమెరికాలో పరిశోధించి 1985లోను 1988లోను తమ సిద్ధాంతమును ప్రకటించిరి. సేవను పొందువారు ఐదు గుణములను చూతురని వారు తేల్చిరి. చెప్పినదానిని చెప్పినట్లు, తప్పు లేకుండ చేయుట మొదటిది. వెంటనే స్పందించి సాయపడుట రెండవది. జ్ఞానము చేతను మర్యాద చేతను ధైర్యము కలిగించుట మూడవది. ఎదుటివాని కష్టమును తన కష్టముగా గ్రహించి శ్రద్ధ చూపుట నాల్గవది. భవనము, పరికరములు, కాగితములు మొదలగు కంటికి కనబడునవి ఐదవది. వీనిలో మొదటిదే అన్నిటికంటె ముఖ్యమని వారి పరిశోధనలలో వెల్లడియైనది. చలువరాతి మెట్లు, అద్దాల తలుపులు కట్టించుటకు ముందుగా ధనము వెచ్చించువారు ఈ వరుసను గుర్తుంచుకొనవలెను.

ఈ మొదటి గుణమునకు గొప్ప ఖర్చు కూడ అక్కరలేదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2008లో శస్త్రచికిత్సల కొరకు 19 అంశముల పట్టిక నొకదానిని వెలువరించెను. రోగి పేరేమి, కోయవలసిన చోటు ఏది, ఏ మందు పడదు, లోపల గుడ్డ ఏదైన మిగిలినదా అను సామాన్యమైన ప్రశ్నలే అందులో నున్నవి. ప్రపంచములోని ఎనిమిది నగరముల ఆసుపత్రులలో ఈ పట్టికను అమలు చేసి చూడగా, శస్త్రచికిత్స పిదప మరణించువారు నూటికి 1.5 నుండి 0.8కి తగ్గిరని 2009లో ప్రకటింపబడినది. కొత్త యంత్రము లేదు, కొత్త మందు లేదు. తెలిసిన పనిని మరువకుండ చేయుట ఒక్కటే అందలి విశేషము.

ఎన్నికయే వ్యూహము

నాణ్యత మంచిదని అందరును అందురు. దానిని వ్యూహముగా చేసికొనుట కొందరికే చేతనగును. వ్యూహమనగా ఎన్నుకొనుట, దేనిని చేయవలెనో, దేనిని విడువవలెనో నిశ్చయించుకొనుట. పోటీలో ఆధిక్యమునకు మార్గములు మూడని మైకేల్ పోర్టర్ 1980లో చెప్పెను. ఇతరులకంటె తక్కువ వ్యయముతో చేయుట, ఇతరులు ఈయలేని విశేషమును ఇచ్చుట, లేక ఒక చిన్న వర్గమునే ఎంచుకొని వారికి సమగ్రముగా సేవచేయుట.

వృత్తి సంస్థలను గూర్చి 1993లో గ్రంథము వ్రాసిన డేవిడ్ మైస్టర్ ఈ ఎన్నికను మరింత సులభముగా వివరించెను. కొందరు అపూర్వమైన చిక్కుతో వత్తురు. వారికి గొప్ప మేధ కావలెను. కొందరు ఇతరులు పడిన చిక్కుతోనే వత్తురు. వారికి అనుభవము కావలెను. కొందరి పని అందరికిని తెలిసినదే. వారికి త్వరగా, చౌకగా, తప్పులేకుండ జరిగిన చాలును. ఈ మూడింటికిని మనుష్యులు, జీతములు, ధర, గది, శిక్షణ అన్నియు వేరుగా నుండును. మూడవ వానివద్ద మొదటి వాని ధర తీసికొన్న సంస్థయు, మొదటి వానికి మూడవ వాని సేవ చేసిన సంస్థయు ఎక్కువ కాలము నిలువవు.

హైదరాబాదు నేత్రాలయము చెప్పు పాఠము

ఈ సిద్ధాంతములన్నియు ఒక్కచోట రూపుదాల్చిన ఉదాహరణము తెలుగునాటనే కలదు. అది హైదరాబాదులోని ఎల్. వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ. అమెరికాలో నేత్రవైద్యుడుగా పేరొందిన డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావు స్వదేశమునకు తిరిగివచ్చి, 1987లో దీనిని ప్రారంభించెను. చలనచిత్ర నిర్మాత, దర్శకుడు ఎల్. వి. ప్రసాదు కుటుంబము బంజారాహిల్సులో ఐదు ఎకరముల భూమిని, కోటి రూపాయల ధనమును విరాళముగా నిచ్చినందున సంస్థకు ఆయన పేరు పెట్టబడినది.

ధనము ఇచ్చుకొనలేని వానికిని, ఇచ్చుకొనగలవానికిని చికిత్స ఒక్కటే అనునది ఆ సంస్థ తొలినాటి నియమము. సేవలలో సుమారు సగము ఉచితముగా జరుగుచున్నవి. ఇది దానముగా మాత్రమే కనబడవచ్చును. కాని ఇందులో వ్యూహము కూడ ఇమిడియున్నది. రోగులు ఎక్కువైన కొలది వైద్యుని చేతికి అభ్యాసము హెచ్చును. అభ్యాసమువలన నైపుణ్యము, నైపుణ్యమువలన కీర్తి, కీర్తివలన ధనమిచ్చు రోగులు, వారి ధనమువలన పేదలకు చికిత్స. చక్రము ఇట్లు తిరుగును. ఇందులో ఏ ఆకు విరిగినను బండి ఆగును. పేదవానికి తక్కువరకపు చికిత్స ఇచ్చిన యెడల వైద్యుని చేతికి తక్కువరకపు పనియే అలవాటగును. ఆ చేయియే మరునాడు ధనవంతునికిని చికిత్స చేయవలెను.

సంస్థ ఎదుటివారి అవసరమును ఊహించి ఊరకుండలేదు. 1996లో ఆరంభించిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనములో హైదరాబాదు, పశ్చిమగోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగరు ప్రాంతములలో పదివేల మందికి పైగా పరీక్షింపబడిరి. చూపు కోల్పోయినవారిలో ఎక్కువమంది శుక్లములవలనను, సరియైన కళ్లద్దములు లేకపోవుటవలనను బాధపడుచుండిరి. అనగా వారికి కావలసినది నగరములోని పెద్ద వైద్యుడు కాదు. ఊరికి దగ్గరగా దొరకు సామాన్యమైన సేవ.

ఆ సంవత్సరముననే ఆదిలాబాదు జిల్లా ముధోలులో సంస్థ యొక్క తొలి గ్రామీణ నేత్రకేంద్రము వెలసినది. ముధోలు ఇప్పుడు నిర్మల్ జిల్లాలోనిది. క్రమముగా ఈ సేవ గోపురము వంటి ఆకారమును పొందెను. అడుగుభాగమున సుమారు 50 వేల జనాభాకు ఒక దృష్టికేంద్రము. అచ్చట ఆ ప్రాంతపు యువతీయువకులే శిక్షణ పొంది చూపు పరీక్షించి కళ్లద్దములు ఇత్తురు. దానిపైన 5 లక్షల జనాభాకు ఒక చిన్న ఆసుపత్రి. అచ్చట శుక్లములు తీయుదురు. దానిపైన 50 లక్షల జనాభాకు విశాఖపట్టణము, విజయవాడ, భువనేశ్వరము వంటిచోట్ల శిక్షణాలయములు. శిఖరమున హైదరాబాదు, అచ్చట నల్లగుడ్డు మార్పిడి వంటి కఠినమైన చికిత్సలును, పరిశోధనయు జరుగును.

మైస్టర్ చెప్పిన మూడు తరగతులు ఈ గోపురములో మెట్లుగా అమరియున్నవని పాఠకులు గ్రహించియే యుందురు. కళ్లద్దముల కొరకు రోగి నగరమునకు పోనక్కరలేదు. అందువలన అతనికి ప్రయాణపు ఖర్చు, ఒకనాటి కూలి మిగులును. నిపుణునికి కాలము మిగిలి, క్లిష్టమైన రోగికి అది లభించును. ఇతరులు ఒక యంత్రము కొనిన మరునాడు పోటీదారుడును దానిని కొనవచ్చును. ఇట్టి గోపురమును, అందలి అలవాట్లను, ఊరివారి నమ్మకమును మాత్రము ఒక్కరోజున కొనుటకు వీలులేదు. అనుకరించుటకు కష్టమైన ఆధిక్యమే నిలుచు ఆధిక్యము.

మన పొరుగున మధురలో డాక్టరు గోవిందప్ప వేంకటస్వామి 1976లో 11 పడకలతో స్థాపించిన అరవింద నేత్రాలయము మరియొక త్రోవను పట్టినది. శుక్లముల శస్త్రచికిత్సను ఒకేరీతిగా, క్రమముగా, అధిక సంఖ్యలో చేయుటను అది అలవరచుకొనెను. 1992లో ఆరోల్యాబ్ అను పేరుతో కంటిలో అమర్చు కటకములను తామే తయారుచేయ నారంభించి, విదేశపు కటకముల ధరలో స్వల్పభాగమునకే అందించిరి. త్రోవలు వేరైనను రెండింటి ఎన్నికయు స్పష్టము. చేసిన ఎన్నికకు తగినట్లు దినచర్య అంతయు అమర్చుకొనబడినది.

సేవ ఎచ్చట జారిపోవును?

మంచి ఉద్దేశము ఉన్నను సేవ చెడుటకు కారణములేమి? పైని పేర్కొన్న మువ్వురు పండితులు దీనిని ఎడములు అను భావనతో వివరించిరి. భూవివాదముతో వకీలు వద్దకు పోయిన రైతును ఊహించుకొందము.

రైతుకు కావలసినది ముఖ్యముగా తన వ్యాజ్యము ఎంతవరకు వచ్చినదో తెలియుట. వకీలు మాత్రము చట్టపు సెక్షన్లు చెప్పిన చాలుననుకొనును. ఇది మొదటి ఎడము. అవసరము తెలిసినను, వాయిదా జరిగిన రెండు రోజులలో కక్షిదారునికి కబురు పంపవలెనను కట్టుబాటు కార్యాలయములో లేకపోవుట రెండవది. కట్టుబాటు ఉన్నను, గుమాస్తాకు పనిభారము ఎక్కువై కబురు పోకుండుట మూడవది. ఆరు నెలలలో తీర్పు వచ్చునని చెప్పి ఆరేండ్లు తిప్పుట నాల్గవది. పేరు గొప్ప, ఊరు దిబ్బ అను సామెత ఇట్టివారి కొరకే పుట్టినది. ఈ నాలుగును కలిసి, ఆశించినదానికిని పొందినదానికిని మధ్య పెద్ద అగాధమగును. అది ఐదవది, రైతు కంటికి కనబడునది ఇదియొక్కటే. తక్కిన నాలుగింటిని వెదకి పూడ్చుట సంస్థను నడపువాని పని. తప్పు గుమాస్తాదని కసరుటకు ముందు కట్టుబాటు ఉన్నదా, దానికి తగిన సాయము ఉన్నదా అని అతడు తన్ను తాను ప్రశ్నించుకొనవలెను.

నమ్మకము పోయిన పిమ్మట

నాణ్యతవలన ఆధిక్యము కలుగుననుటకు పైవి నిదర్శనములు. అది పోయిన ఏమగునో చూపునవి కూడ ఉన్నవి. 1913లో చికాగోలో స్థాపింపబడిన ఆర్థర్ ఆండర్సన్ ఆడిటు సంస్థ ప్రపంచములోని ఐదు పెద్ద ఆడిటు సంస్థలలో ఒకటిగా పెరిగి, సుమారు 85 వేల మందికి ఉపాధి కల్పించెను. ఆ సంస్థ స్థాపకుడు లెక్కలు దిద్దుటకు అంగీకరింపక ఒక రైల్వే కంపెనీ పనిని పోగొట్టుకొనెనని చెప్పుదురు. కాని 2001లో ఎన్రాన్ కంపెనీ కూలినప్పుడు, ఆ లెక్కలు చూచిన ఆండర్సన్ వారు కాగితములు నాశనము చేసిరన్న అభియోగము వచ్చినది. 2002లో తీర్పు వ్యతిరేకముగా వచ్చి, సంస్థ ఆడిటు వృత్తిని విడువవలసి వచ్చెను. 2005లో అమెరికా అత్యున్నత న్యాయస్థానము ఆ తీర్పును కొట్టివేసినది. తీర్పు మారినది గాని, చెదరిపోయిన సంస్థ మరల కూడుకొనలేదు.

హైదరాబాదులో నేత్రాలయము ఆరంభమైన 1987లోనే సత్యం కంప్యూటర్స్ కూడ పుట్టినది. 2009 జనవరి 7వ తేదీన దాని అధ్యక్షుడే లెక్కలు కల్పితములని లేఖ వ్రాసెను. ఖాతాలలో చూపిన నగదులో రూ. 5,040 కోట్లు అసలు లేవని తేలినది. ప్రభుత్వము పాత పాలకవర్గమును తొలగించి కొత్తదానిని నియమించెను. ఆ ఏప్రిలులోనే టెక్ మహీంద్రా ఆ కంపెనీని చేపట్టినది. 2013లో అది పూర్తిగా విలీనమైనది.

ఆండర్సన్ అంతరించుటకును, సత్యం కార్యాలయములు చేతులు మారి నిలుచుటకును భేదమేమి? సత్యం అమ్మినది ఇంజనీర్ల పని. పైవారు తప్పుచేసినను ఆ పని తెలిసిన వేలమంది మిగిలియే యుండిరి. ఆండర్సన్ అమ్మినది తన సంతకము మీది నమ్మకమును. అది పోయిన పిదప అమ్ముటకు వేరొకటి లేకపోయెను. ఇతరుల నమ్మకమునకు పూచీ నిలుచు ఆడిటరు, వైద్యుడు, న్యాయవాది మొదలగు వారందరును ఈ భేదమును మనసున నుంచుకొనవలెను.

మన విద్యార్థులకు

ఇవి యన్నియు పెద్ద నగరముల కథలని తలపవద్దు. మాన్విలోనో సింధనూరులోనో ఒక గదిలో ప్రారంభమగు చిన్న కార్యాలయమునకు ఈ సూత్రములు మరింత వర్తించును. పెద్ద సంస్థకు పేరు అండ. చిన్నదానికి నిన్న వచ్చినవాడు రేపు చెప్పు మాటయే అండ. ఒక రైతు సంతృప్తితో తిరిగిపోయిన, ఆ వార్త సాయంకాలమునకే క్యాంపంతయు వ్యాపించును. అసంతృప్తితో తిరిగిపోయిన, అంతకంటె ముందే వ్యాపించును.

మన పిల్లలకు మరియొక ధనము కలదు. రాయచూరు ఆసుపత్రి బెంచీమీద కన్నడము, తెలుగు, ఉర్దూ మూడును ఒకేసారి వినవచ్చును. రోగి తన బాధను తన భాషలో చెప్పుకొనగలిగినప్పుడే వైద్యుడు దానిని సరిగా వినగలడు. మందు ఎన్నిసార్లు, ఎప్పుడు, ఎన్నాళ్లు వేసికొనవలెనో రోగికి సందేహము మిగిలిన యెడల, ఎంత గొప్ప వైద్యమైనను సగములోనే నిలిచిపోవును. ఇంట తెలుగు, ఊరిలో కన్నడము, పుస్తకములలో ఆంగ్లము నేర్చిన విద్యార్థి, పెద్ద చదువులు చదివిన వానికి కూడ లేని సాధనమును చేత పట్టుకొని వృత్తిలో ప్రవేశించును. అల్పసంఖ్యాకుల భాష నేర్చుట ఉపాధికి అడ్డమని శంకించు తల్లిదండ్రులు దీనిని ఆలోచింపవలెను. రెండు భాషలను శుద్ధముగా నేర్చినవాడు ఇద్దరి కష్టమును వినగలడు.

కావున విద్యార్థులారా! మీలో డాక్టరు కాదలచినవాడు, వకీలు కాదలచిన అమ్మాయి, ఆడిటరు కాదలచినవాడు ఇప్పటినుండియే కొన్ని అలవాట్లు చేసికొనవలెను. చెప్పిన వేళకు వచ్చుట, చేసిన పనిని మరల ఒకసారి సరిచూచుట, తెలియనిది తెలియదని చెప్పి తెలిసికొని వచ్చుట, ఎదుటివాడు ముగించువరకు వినుట. వీనికి పరీక్షలలో మార్కులు లేవు. కాని ఇరువది సంవత్సరముల పిదప, ఒకే పట్టా పొందిన ఇద్దరిలో ఒకని వాకిట జనము నిండియుండుటకును, రెండవవాని వాకిలి శూన్యముగా నుండుటకును కారణము వీనిలోనే దొరకును. భూమిని నమ్ముకొని వచ్చిన పెద్దలు ఈ సీమలో నమ్మకమునే మొదట విత్తిరి. చదువును నమ్ముకొన్న పిల్లలును ఆ విత్తనమునే విత్తవలెను.